తెరమీది అక్షరములేల చెదరును?

కంప్యూటరు విద్య నభ్యసించుచు లినక్సు మొదలగు పద్ధతులను నేర్చుకొను విద్యార్థులకు నల్లని కిటికీ యొకటి సుపరిచితమై యుండును. అందు బొమ్మలు లేవు. ఆజ్ఞను అక్షరములలో వ్రాయవలెను. యంత్రమును అక్షరములలోనే ప్రత్యుత్తర మిచ్చును. దీనిని టెర్మినల్ అందురు. ఎన్నడైన నొకనాడు ఈ కిటికీలో విపరీతము కనబడును. చక్కని గీతలతో పెట్టె యుండవలసిన చోట ఎల్, క్యూ, క్యూ, క్యూ, కే యను ఆంగ్లాక్షరములు బారులు తీరి నిలుచును. ఒక పంక్తిమీద మఱియొక పంక్తి వ్రాయబడును. రంగులు అతుకుల గుడ్డవలె ముక్కలు ముక్కలుగా నుండును. తెలుగు పేరుండవలసిన చోట ఏ దేశపు లిపియో తెలియని గుర్తులు ప్రత్యక్షమగును.

ఇట్టి సమయమున పిల్లలు భయపడుదురు. యంత్రము చెడినదని కొందఱు, వైరసు పట్టినదని కొందఱు తలంతురు. క్రొత్త యంత్రము కొనవలసి వచ్చునేమో యని తల్లిదండ్రులు వ్యాకులపడుదురు. అంతకంటె పెద్ద యాపద వేఱొకటి గలదు. కొందఱు తెరమీద కనబడుదానిని సరిచేయబోయి, లోపల చక్కగా నున్న వ్రాతను పాడుచేయుదురు. కావున ఈ విపరీతము లేల కలుగునో, వాని మూలమును ఏ క్రమమున వెదకవలెనో ఈ వ్యాసమున వివరింపబూనితిమి. మొదటనే యొకమాట చెప్పెదము. ఇట్టి చిక్కులలో పెక్కింటికి యంత్రదోషము కారణము కాదు. ఇద్దఱి నడుమ నుండవలసిన ఒడంబడిక తప్పుటయే కారణము. ఆ యిద్దఱు ఎవరన, వ్రాయుమని చెప్పు ప్రోగ్రాము, వ్రాసి చూపు టెర్మినల్.

ఉక్తలేఖనముతో పోలిక

తరగతిలో ఉపాధ్యాయుడు ఉక్తలేఖనము చెప్పుచున్నాడనుకొందము. ఆయన పాఠములోని మాటలనే గాక, నడుమ నడుమ "పూర్ణవిరామము", "క్రొత్త పేరా", "క్రింద గీత గీయుము" అనియు పలుకును. తెలిసిన విద్యార్థి చుక్క పెట్టును, పంక్తి మార్చును, గీత గీయును. ఆ మాటలను మాత్రము వ్రాయడు. తెలియని చిన్నవాడు "పూర్ణవిరామము క్రొత్త పేరా" అని పలకమీద అక్షరాల వ్రాసివేయును. చెప్పినవారి యందు తప్పు లేదు. వ్రాసిన చేతికి జబ్బు లేదు. ఏది పాఠమో, ఏది ఆజ్ఞయో, ఆ యిరువురకు ముందుగా ఏకాభిప్రాయము కుదురలేదు. అంతియే.

ప్రోగ్రామునకును టెర్మినల్‌కును నడుమ ప్రవహించునది ఒకే బైట్ల వరుస. అక్షరములును అందులోనే, ఆజ్ఞలును అందులోనే పోవును. 1963లో మొదట ప్రకటింపబడిన ఆస్కీ యను సంకేతపట్టికలో 128 స్థానములు గలవు. వానిలో 0 మొదలు 31 వఱకు గల స్థానములును, 127వ స్థానమును అక్షరములకు గాక ఆజ్ఞలకే కేటాయింపబడినవి. 7 అనునది గంట మ్రోగింపుమని చెప్పును. 8 ఒక గడి వెనుకకు పొమ్మని చెప్పును. 10 క్రింది పంక్తికి దిగుమనియు, 13 పంక్తి మొదటికి పొమ్మనియు చెప్పును. 27వ సంకేతమునకు ఎస్కేప్ అని పేరు. "ఇటుపై వచ్చునది పాఠము కాదు, ఆజ్ఞ" యని హెచ్చరించుటకు దీనిని వాడుదురు. తెరమీది చిక్కులలో ననేకము ఈ 27వ సంకేతము వెనుక దాగియున్నవి.

పూర్వపు యంత్రములు

ఆదిలో టెర్మినల్ అనగా కిటికీ కాదు, బరువైన యంత్రము. 1963లో వెలువడిన టెలిటైప్ 33వ నమూనా సెకనునకు 10 అక్షరముల చొప్పున కాగితపు చుట్టమీద అచ్చువేయుచుండెను. అది ఆంగ్లములోని పెద్దయక్షరములను మాత్రమే యెఱుగును. కాగితముమీద అచ్చుపడినదానిని తుడువ వీలులేదు గనుక దానికి ఆజ్ఞలును కొలదిగానే యుండెను. నేటికిని లినక్సులో టెర్మినళ్లకు టీటీవై యను పొట్టిపేరు నిలిచియుండుట ఆ టెలిటైపు జ్ఞాపకమే.

తరువాత కాగితమునకు బదులు గాజు తెరలు వచ్చెను. తెరమీద ఏ గడికైనను పోయి వ్రాయవచ్చును, వ్రాసినది తుడువవచ్చును. అందుకు క్రొత్త ఆజ్ఞలు కావలసి వచ్చెను. ఒక్కొక్క కంపెనీ తనకు తోచిన ఆజ్ఞలను కల్పించుకొనెను. తెరను తుడుచుట యను ఒక్క పనినే చూతము. లియర్ సీగ్లర్ కంపెనీవారి ఏడీఎం-3ఏ యంత్రమునకు 26వ సంకేత మొక్కటి పంపిన చాలును. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనువారి వీటీ52 యంత్రమునకు ఎస్కేపుతో హెచ్ అక్షరమును, మరల ఎస్కేపుతో జే అక్షరమును పంపవలెను. ఆ కంపెనీవారే 1978లో తెచ్చిన వీటీ100 యంత్రమునకైతే ఎస్కేపు, ఎడమ చదరపు బ్రాకెట్టు, 2, జే అని వరుసగా పంపవలెను. ఒకదానికి చెప్పవలసిన ఆజ్ఞను వేఱొకదానికి చెప్పినచో, అది దానిని పాఠమనుకొని తెరమీద వ్రాసివేయును. లేదా సగము ఆజ్ఞగా గ్రహించి తక్కిన సగమును వ్రాయును. మన కిటికీలో అప్పుడప్పుడు హఠాత్తుగా కనబడు బ్రాకెట్లు, అంకెలు, విడి యక్షరములు ఇట్టి అర్థము కాని ఆజ్ఞల శకలములే.

వీటీ100 తెరమీద 24 పంక్తులు, పంక్తికి 80 గడులు ఉండెను. 132 గడులకు మార్చుకొను వీలును గలదు. 1979లో అమెరికా దేశమున ప్రమాణముగా వెలువడిన ఆజ్ఞల పద్ధతిని తొలుత అనుసరించిన యంత్రములలో నది యొకటి. విరివిగా వ్యాపించుటచేత ఇతర కంపెనీలవారును దానినే అనుకరింపసాగిరి. దానిని చేసిన కంపెనీ 1998లో కాంపాక్ అను మఱియొక కంపెనీలో లీనమైపోయెను. అయినను వీటీ100 ఆజ్ఞలు నేటి టెర్మినల్ కిటికీలలో నింకను జీవించియున్నవి.

పూర్వపు యంత్రమును అనుకరించి తెరమీద చూపు ప్రోగ్రామునకే టెర్మినల్ ఎమ్యులేటరు అని పేరు. 1984లో పుట్టిన ఎక్స్‌టెర్మ్, విండోసు వాడువారు పలువు రెఱిగిన పుట్టీ, 2020లో మైక్రోసాఫ్టువారు మొదటి స్థిరరూపమున విడుదల చేసిన విండోస్ టెర్మినల్ ఇట్టివే. అన్నియు వీటీ100 వంశమువే యైనను, అన్నియు ఒకే విధముగా అనుకరింపవు. కొన్ని కొన్ని ఆజ్ఞలను విడిచిపెట్టినవి. కొన్ని క్రొత్త ఆజ్ఞలను చేర్చుకొన్నవి. చిక్కునకు మూలము ఇచ్చటనే యున్నది.

పేరును పట్టికయు

ఇన్ని రకములుండగా, ఏ టెర్మినల్‌తో ఏ భాష పలుకవలెనో ప్రోగ్రామునకు ఎట్లు తెలియును? ఈ చిక్కును తీర్చుటకు 1978లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున బిల్ జాయ్ అనునాయన టెర్మ్‌క్యాప్ అను పట్టికను కూర్చెను. అందు ఒక్కొక్క టెర్మినల్ పేరు వ్రాసి, తెర తుడుచుటకు ఏ ఆజ్ఞ, గడి మార్చుటకు ఏ ఆజ్ఞ, వెలుగు హెచ్చించుటకు ఏ ఆజ్ఞ యని దాని కెదురుగా వివరింపబడెను. ఆ పిమ్మట మార్క్ హార్టన్ అనునాయన టెర్మిన్‌ఫో యను మఱింత విస్తృతమైన పట్టికను రూపొందించెను. లినక్సులో నేడు వాడబడునది ఈ రెండవదే.

ఈ పట్టికలో ఏ పేరు క్రింద చూడవలెనో ప్రోగ్రామునకు తెలుపునది టెర్మ్ అను ఒక చిన్న విలువ. ఆంగ్లమున పెద్దయక్షరములతో టీ, ఈ, ఆర్, ఎమ్ అని దానిని వ్రాయుదురు. ఆ విలువ "ఎక్స్‌టెర్మ్-256కలర్" అని యున్నచో, ప్రోగ్రాము ఆ పేరుగల పుటను తెఱచి, అందున్న ఆజ్ఞలనే పంపును.

విద్యార్థులు బాగుగా గుర్తుంచుకొనవలసిన విషయ మిది. ఇట్లు పట్టికను వాడు ప్రోగ్రాము సాధారణముగా టెర్మినల్ స్వభావమును పరీక్షించి చూడదు. చెప్పిన పేరును నమ్మును. పేరు నిజమైనచో అంతయు చక్కగా జరుగును. పేరు అబద్ధమైనచో "పేరు గొప్ప, ఊరు దిబ్బ" యను సామెత తెరమీద ప్రత్యక్షమగును.

లక్షణములు, వాని మూలములు

వైద్యుడు లక్షణమును చూచి రోగమును ఊహించునట్లు, చెదరిన తెరను చూచి తప్పిన ఒడంబడికను ఊహింపవచ్చును. ముఖ్యమైనవి కొన్ని చెప్పెదము.

మొదటిది, పెట్టెల గీతలకు బదులు అక్షరములు కనబడుట. వీటీ100 యంత్రములో గీతలకొఱకు ప్రత్యేకమైన అక్షరమాల గలదు. ఎస్కేపు, ఎడమ కుండలీకరణము, సున్న అని పంపగానే ఆంగ్లపు చిన్నయక్షరములు కొన్ని గీతలుగా మాఱును. ఎల్ అనునది పైని ఎడమ మూల, కే పైని కుడి మూల, ఎమ్ క్రింది ఎడమ మూల, జే క్రింది కుడి మూల, క్యూ అడ్డుగీత, ఎక్స్ నిలువుగీత యగును. ఎస్కేపు, ఎడమ కుండలీకరణము, పెద్ద బీ అని పంపినచో అవి మరల అక్షరములగును. ఈ మార్పును టెర్మినల్ పాటింపనిచో గీత లుండవలసిన చోట ఆ యక్షరములే నిలుచును. యూటీఎఫ్-8 పద్ధతిలో నున్నపుడు కొన్ని ఎమ్యులేటర్లు ఈ పాత యాజ్ఞను లెక్కచేయవు. పుట్టీ క్రొత్త విడుదలలలో, యూటీఎఫ్-8 నందును వీటీ100 గీతలను గీయుమని చెప్పు అమరిక గలదు. ఎన్‌కర్సెస్ అను లైబ్రరీని వాడు ప్రోగ్రాములైనచో, ఎన్‌కర్సెస్-నో-యూటీఎఫ్8-ఏసీఎస్ అను విలువను, నడిమి గుర్తులకు బదులు అడుగుగీతలతో వ్రాసి, 1గా నుంచవచ్చును. అప్పుడవి పాత యక్షరమాలను మాని యూనికోడులోని గీతలనే పంపును.

రెండవది, రంగులు ముక్కలగుట. పంక్తిలో కొంత భాగమును తుడిచినపుడు ఆ చోటు ఏ రంగున మిగులవలెను? ఎక్స్‌టెర్మ్ వంటివి అప్పుడు వాడుకలో నున్న వెనుకటి రంగుతో నింపును. మఱికొన్ని తమ సహజమైన రంగుతో నింపును. టెర్మిన్‌ఫో పట్టికలో ఈ గుణమునకు బీసీఈ యని పేరు. టెర్మినల్‌కు ఈ గుణము గలదని పట్టికలో చదివిన ప్రోగ్రాము, పంక్తి చివరకు తుడువుమని మాత్రము చెప్పి ఊరకుండును. టెర్మినల్‌కు ఆ గుణము లేనిచో, అక్షరములున్నంతమేర నీలముగాను తక్కినచోట నలుపుగాను కనబడును. అట్లే కొన్ని టెర్మినళ్లు 8 రంగులను, కొన్ని 256 రంగులను, కొన్ని 1,67,77,216 రంగులను చూపగలవు. చేతకాని రంగును కోరినపుడు వేఱురంగు వచ్చుటయో, రంగు లేకపోవుటయో సంభవించును.

మూడవది, పంక్తిమీద పంక్తి పడుట. ప్రోగ్రాము కిటికీ వెడల్పు 80 గడులని తలంచుచుండగా కిటికీ నిజముగా 120 గడులున్నచో, పంక్తి యెచ్చట ముగియునో ఇద్దఱి లెక్క వేఱగును. సాధారణముగా కిటికీ పరిమాణము మాఱగానే ప్రోగ్రామునకు వార్త పోవును. కాని సీరియల్ తీగెద్వారా చిన్న యంత్రములతో సంభాషించునపుడు ఆ వార్తను మోయువారు లేరు. అప్పుడు ఎస్‌టీటీవై యను ఆజ్ఞతో పంక్తుల సంఖ్యను, గడుల సంఖ్యను మనమే తెలుపవలెను. ఇదే లక్షణమునకు మఱియొక కారణమును గలదు. బాష్ అను ఆజ్ఞాపాలకమునందు ఆజ్ఞ వ్రాయుచోటికి ముందు కనబడు సూచికను విద్యార్థులు రంగులతో అలంకరించుకొందురు. రంగునకు పంపు సంకేతములు తెరమీద చోటు తీసికొనవు. అయినను ఆ సంగతి బాష్‌కు చెప్పనిచో అది వానినిగూడ గడులుగా లెక్కించును. ఆజ్ఞ పొడవై పంక్తి చివరకు చేరగానే రెండవ పంక్తికి దిగక మొదటి పంక్తిమీదనే పడును. ఆ సంకేతముల కిరువైపుల వెనుకగీతతో కూడిన చదరపు బ్రాకెట్లను ఉంచినయెడల లెక్క సరిపోవును.

నాల్గవది, దూరపు యంత్రములో మాత్రమే చిక్కు కలుగుట. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వేఱొక సర్వరునకు పోవునపుడు టెర్మ్ పేరు మనవెంట పోవును. పట్టిక మాత్రము వెంటరాదు. ఆ సర్వరు తన పట్టికలో ఆ పేరును వెదకును. ఉదాహరణమునకు కిట్టీ యను ఎమ్యులేటరు తన పేరును "ఎక్స్‌టెర్మ్-కిట్టీ" యని చెప్పుకొనును. పాత సర్వరులోని పట్టికలో ఆ పేరు లేనిచో, ఈ టెర్మినల్‌ను ఎఱుగనని ప్రోగ్రాము మొఱపెట్టును. అప్పుడు కొందఱు తొందరపడి ఏదో యొక పేరు పెట్టుదురు. మన యంత్రములోని పుటను ఇన్ఫోసీఎంపీ యను ఆజ్ఞతో వ్రాయించి, సర్వరులో టిక్ అను ఆజ్ఞతో చేర్చుట మేలైన మార్గము. అపరిచితుని వేఱొకనిగా పిలుచుటకంటె, అతనిని సభవారికి పరిచయము చేయుట మర్యాద గదా!

అయిదవది, నడుమ మఱియొకరు నిలుచుట. 1987లో వచ్చిన స్క్రీన్, 2007లో వచ్చిన టీమక్స్ అను ప్రోగ్రాములు ఒక కిటికీని అనేక భాగములుగా విభజించి యిచ్చును. అవి దుబాసీలవంటివి. బయటి టెర్మినల్‌తో ఒక భాషను, లోపలి ప్రోగ్రాములతో తమ సొంత భాషను పలుకును. కావున టీమక్స్ లోపల టెర్మ్ పేరు "టీమక్స్" అనియో "స్క్రీన్" అనియో మొదలుకావలెను గాని "ఎక్స్‌టెర్మ్" అని యుండరాదు. చాలమంది తమ ఆరంభపు ఫైలులో టెర్మ్ పేరును శాశ్వతముగా వ్రాసి యుంచుకొందురు. ఆ యొక్క పంక్తి, టీమక్స్ చెప్పిన నిజమైన పేరును చెఱపి అబద్ధమును నిలుపును. తెరల చిక్కులకు ఇది మిక్కిలి సాధారణమైన కారణము. ఆ పంక్తిని తీసివేయుటయే తఱచు తగిన చికిత్స.

ఆఱవది, అంతవఱకు బాగున్న తెర హఠాత్తుగా పిచ్చిగీతలతో నిండుట. బొమ్మ ఫైలునో, యంత్రభాషలోని ఫైలునో పొరపాటున టెర్మినల్‌లో చదివించినచో, అందలి బైట్లలో కొన్ని టెర్మినల్‌కు ఆజ్ఞలుగా తోచును. 14వ సంకేతము అక్షరమాలను మార్చగలదు. ఇది అమరికల దోషము కాదు, తాత్కాలికమైన మూర్ఛ. తెరమీద కనబడకపోయినను రీసెట్ అను ఆజ్ఞను గ్రుడ్డిగా వ్రాసి ఎంటర్ మీట నొక్కినచో సాధారణముగా తేఱుకొనును. ఎంటరు పనిచేయనిచో కంట్రోలును జే మీటను కలిపి నొక్కవలెను.

తెలుగు వ్రాత విషయము

ఇక మన భాషను గూర్చి. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రకటనలోనే తెలుగునకు స్థానము లభించెను. 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేత మొక్కొక్కటి 3 బైట్లుగా వ్రాయబడును. ఆ మూటిలో మొదటిది ఎల్లప్పుడు 224. రెండవది 176గాని 177గాని యగును. టెర్మినల్ పాత పశ్చిమయూరపు పద్ధతిలో నున్నచో 224ను తలపై వాలుగీత గల ఆంగ్ల ఏ అక్షరముగాను, 176ను వేడిమిని కొలుచు డిగ్రీ గుర్తుగాను, 177ను ప్లస్-మైనస్ గుర్తుగాను చూపును. కావున ఈ మూడు గుర్తులు మాటిమాటికి కనబడినచో నది పాడైన వ్రాత యని నిర్ణయింపరాదు. తెలుగు వ్రాతను తప్పు పద్ధతిలో చదువుచున్న టెర్మినల్ కావచ్చునని తెలిసికొనవలెను. పుట్టీలో దూరపు అక్షరమాల యను అమరికను యూటీఎఫ్-8గా మార్చిన అక్షరములు తమ స్వరూపమును పొందును. సర్వరులోని లాంగ్, ఎల్‌సీ-ఆల్ మొదలగు భాషావిలువలును యూటీఎఫ్-8నే చెప్పుచుండవలెను.

అమరికలన్నియు సరిగా నున్నను తీఱని చిక్కొకటి మిగులును. టెర్మినల్ తెర గడుల చదరము. ఆంగ్లాక్షరము గడి కొకటి చొప్పున ఒదుగును. "స్త్రీ" యను మన యక్షరమును చూడుడు. కంటికి నది యొకటియే. యూనికోడులో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని 6 సంకేతములు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. పొల్లులకును గుడిదీర్ఘమునకును చోటు లేదనుకొని, హల్లులు మూటికి మూడు గడులు లెక్కించు ప్రోగ్రాములు గలవు. అక్షరరూపము మాత్రము అంత చోటు నాక్రమింపదు. అందుచేత తెలుగు పంక్తిలో నడుమ ఖాళీలు కనబడుట, ఒత్తులు విడిపోవుట, గుర్తుముల్లు అక్షరమునకు దూరముగా నిలుచుట సంభవించును. అట్టిచో విద్యార్థి తన అమరికలను మాటిమాటికి మార్చి విసుగుచెంద నక్కఱలేదు. తెలుగు వ్రాతను సాధారణమైన ఎడిటరులో తెఱచి చదువుకొనుట మేలు.

వెదకు క్రమము

చిక్కు కలిగినపుడు ఏ వరుసను వెదకవలెనో సంగ్రహముగా చెప్పెదము. మొదట కంట్రోలును ఎల్ మీటను కలిపి నొక్కి తెరను మరల గీయింపవలెను. బాగుపడినచో, ఏదో యొక వార్త నడుమ వచ్చి తెరమీద పడినదని తెలియును. బాగుపడనిచో రీసెట్ ఆజ్ఞను ప్రయోగింపవలెను. దానితోను కుదురక, మరల మరల అదే విధముగా చెదరుచున్నచో ఒడంబడికయందే లోపము గలదు. అప్పుడు టెర్మ్ విలువ యేమో చూచి, అది మనము వాడుచున్న ఎమ్యులేటరునకు తగినదేనా యని విచారింపవలెను. పిమ్మట ఎస్‌టీటీవై సైజ్ అను ఆజ్ఞతో పరిమాణమును, లొకేల్ అను ఆజ్ఞతో భాషావిలువలను చూడవలెను. తరువాత నడుమ నున్నవారిని ఒక్కొక్కరిని తొలగింపవలెను. టీమక్స్ లేకుండ ఒకసారి, ఎస్‌ఎస్‌హెచ్ లేకుండ ఒకసారి, వేఱొక ఎమ్యులేటరులో ఒకసారి పరీక్షింపవలెను. ఎవరిని తొలగింపగా చిక్కు పోయెనో అచ్చట మూలమున్నది.

ఈ పరీక్షలలో ఒక నియమము తప్పక పాటింపవలెను. ఒకసారి ఒక్క అమరికనే మార్చి, ఫలితమును పుస్తకములో వ్రాసికొని, ప్రయోజనము లేనిచో దానిని మరల యథాస్థితికి తేవలెను. రసాయనశాలలో ఒక్క గొట్టములో నాలుగు ద్రవములను ఒకేసారి పోసిన బాలునికి ఏది రంగు మార్చినదో తెలియదు. అమరికల విషయమును అట్టిదే.

చేయరాని పని

చివరగా, మొదట సూచించిన ఆపదను గూర్చి వ్రాసెదము. పాఠశాల కార్యాలయములో విద్యార్థుల పేర్ల పట్టిక యొకటి కలదనుకొందము. అందు "రాము" అను పేరు యూటీఎఫ్-8లో 224, 176, 176. 224, 176, 190. 224, 176, 174. 224, 177, 129 అని 12 బైట్లుగా చక్కగా నున్నది. చూచువాని టెర్మినల్ అమరిక తప్పుటచేత తెరమీద వింత గుర్తులు కనబడినవి. అతడు ఆ గుర్తులనే ఎత్తి యూటీఎఫ్-8లో నున్న మఱియొక ఫైలులో అతికించెననుకొనుడు. 12 బైట్లలో గుర్తుగా కనబడిన ప్రతి బైటును వేఱొక అక్షరమై, రెండేసి బైట్లుగా మాఱును. ఇంతవఱకు తెరమీద మాత్రమే యున్న అబద్ధము ఇప్పుడు ఫైలులోనికి ప్రవేశించినది. ఇకమీదట సరియైన అమరిక గల టెర్మినల్‌లో చూచినను ఆ పేరు చెడియే కనబడును. ఒక్క పేరైనచో మరల వ్రాయవచ్చును. వందలకొలది బిడ్డల పేర్లు, వారి తల్లిదండ్రుల పేర్లు అట్లు మాఱిన పిమ్మట కలుగు శ్రమ యెంతటిదో చదువరులే యూహింపగలరు.

కావున తెరను చూచి ఫైలును తీర్పు తీర్చరాదు. ఫైలు నిజముగా చెడినదా యని తెలిసికొనుటకు సులభమైన సాధనము గలదు. ఓడీ యను ఆజ్ఞ ఫైలులోని బైట్లను సంఖ్యలుగా చూపును. అంకెలు ఆస్కీలోనివి గనుక, తెలుగక్షరములు చెదరిన టెర్మినల్‌లోను అవి సాధారణముగా సరిగానే కనబడును. తెలుగు పేరున్న చోట 224, 176 అను సంఖ్యలు మూడేసి బైట్ల గుంపులలో వరుసగా వచ్చుచున్నచో తెలుగు అక్షరముల సంకేతములు చెక్కుచెదరక యున్నవని తెలియును. సరిచేయవలసినది టెర్మినల్ అమరికను మాత్రమే. 224కు బదులు 195, 160 అను జంట కనబడినచో వ్రాత నిజముగానే రెండవసారి మార్పు పొందినది. అప్పుడు పూర్వపు ప్రతిని వెదకి తెచ్చుకొనవలెను.

ప్రియ విద్యార్థులారా, ఈ నల్లని కిటికీ మీకొక మంచి పాఠమును నేర్పును. చెదరిన తెరను చూడగానే యంత్రమును నిందింపకుడు. చూపు తప్పినదా, వస్తువే తప్పినదా యని మొదట విచారింపుడు. ప్రోగ్రామునకు టెర్మినల్‌ను గూర్చి చెప్పబడిన పేరు నిజమా యని అడుగుడు. నిజమైన పేరు చెప్పి, ఒకసారి ఒక్కటే మార్చి, మార్చినది వ్రాసికొను విద్యార్థికి ఇట్టి చిక్కులలో పెక్కు కొలది నిమిషములలో విడిపోవును. పెద్దలైన చదువరులకు మా మనవి యేమనగా, బిడ్డ యంత్రము చెడినదని చెప్పగానే క్రొత్తది కొనుటకు త్వరపడక, ముందుగా ఈ పరీక్షలను చేయనిండు. యంత్రమునకు వెల గలదు, అది మరల దొరకును. అందు వ్రాసియున్న పేర్లును లెక్కలును ఒకసారి చెడినచో అంత సులభముగా దొరకవు.